లింకు పంపితే సమావేశం అవుతుందా?

తూర్పు తీరంలో మరబోట్ల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం. గిలకలదిండి హార్బరులో బోట్లు కట్టేసి ఉండే ఆ రెండు నెలలే మచిలీపట్నం తీరగ్రామాల్లో తండ్రులు పగటిపూట ఇంటిపట్టున దొరికే కాలం. మన బడుల వేసవి సెలవులు కూడా ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా నడుస్తాయి. తండ్రి ఒడ్డున ఉన్నప్పుడు బడికి తాళం. బడి తలుపు తీసిన రెండు మూడు రోజులకే తండ్రి సముద్రం మీద. బోటు ఒడ్డు వదిలి బాగా లోపలికి వెళ్ళాక సెల్లుకు సిగ్నల్ కూడా ఉండదు. కనుక ‘మీటింగుకు రాలేకపోతే ఫోన్లోనైనా కలవండి’ అన్న సదుపాయం ఆయనకు అక్కరకు రాదు.

బడిలో జరిగే తల్లిదండ్రుల సమావేశానికి మనిషే రావాలా, తెర మీద కనిపిస్తే చాలునా అన్న చర్చ కోవిడ్ తరువాత ఊపందుకుంది. అది ఎక్కువగా నగరాల్లో పుట్టిన చర్చ. అందులో ఆఫీసు నుంచి బయటపడలేని తల్లి ఉంటుంది, ట్రాఫిక్కు ఉంటుంది, వీడియో మీటింగులకు అలవాటుపడిన ఇల్లు ఉంటుంది. మచిలీపట్నం చిలకలపూడిలో నిలబడి చూస్తే లెక్క మారిపోతుంది. ఇక్కడ రోల్డుగోల్డు పని, పక్కనే పెడనలో కలంకారీ అద్దకం, గుడివాడ వైపు వరి, చేపల చెరువులు, అవనిగడ్డ దాటితే దివిసీమ లంకలు. ఒక్కో పనికి ఒక్కో వేళ, ఒక్కో రుతువు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక బిడ్డ చదువు గురించి టీచరు, తల్లి మాట్లాడుకోవడానికి ఫోను చాలు. చాలాసార్లు ఫోనే మేలు. బడి గురించి అందరూ కలిసి తేల్చుకోవలసిన సంగతులకు మాత్రం మనుషులు ఒకచోట కూర్చోవాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. మార్కుల కార్డు ఇవ్వడానికి ఊరందరినీ బడికి పిలుస్తున్నాం. డబ్బు ఖర్చు తీర్మానానికి మాత్రం చాలాచోట్ల పుస్తకాన్ని సభ్యుల ఇళ్ళకు పంపి సంతకాలు తెప్పించుకుంటున్నాం.

ఈ రెండూ వేర్వేరు పనులన్న సంగతి చట్టంలోనే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షను టీచరు విధులను చెబుతుంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి తెలియజేయడం అందులో ఒకటి. 21వ సెక్షను పూర్తిగా మరో సంగతి. అది పాఠశాల యాజమాన్య కమిటీ గురించి. సభ్యుల్లో కనీసం ముప్పాతిక మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. బడి నడకను గమనించడం, అభివృద్ధి ప్రణాళిక సిద్ధం చేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడడం ఆ కమిటీ పని. మొదటిది మాట్లాడుకోవడం, రెండోది అధికారం చెలాయించడం. రెంటినీ ‘పేరెంట్స్ మీటింగ్’ అనే ఒకే గంపలో వేసి ఆన్‌లైనా ఆఫ్‌లైనా అని అడగడంలోనే గందరగోళం మొదలవుతోంది. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకు 21వ సెక్షను వర్తించదు. అక్కడ తల్లిదండ్రులకు ఉన్నది మాట్లాడే అవకాశమే, అదీ యాజమాన్యం పిలిచినప్పుడు.

మన రాష్ట్రంలో ఈ కమిటీల కథ విద్యాహక్కు చట్టంకన్నా పాతది. 1998లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్యానికి ప్రత్యేక చట్టం చేసుకుని విద్యా కమిటీలకు ఎన్నికలు పెట్టింది. విద్యాహక్కు చట్టం వచ్చాక అవే యాజమాన్య కమిటీలయ్యాయి. 2019లో తల్లిదండ్రుల కమిటీలన్నారు, బడులను బాగుచేసే నాడు-నేడు పనుల డబ్బు వాటి చేతుల మీదుగా నడిపించారు. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టు 8న మళ్ళీ ఎన్నికలు జరిగాయి. పేర్లు ఎన్ని మారినా పద్ధతి దాదాపు ఒకటే. తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు, వారిలోంచి ఛైర్మన్, వైస్ ఛైర్మన్, కన్వీనరుగా ప్రధానోపాధ్యాయుడు (హెచ్ఎం). ఎన్నిక చాలావరకు చేతులెత్తే పద్ధతిలోనే. చెయ్యెత్తాలంటే మనిషి అక్కడ ఉండాలి కదా.

తర్వాత వచ్చింది మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. ఢిల్లీ ప్రభుత్వం 2016 జూలై 30న తన బడులన్నిటిలో ఒకే రోజు ఇలాంటి సమావేశాలు పెట్టి దారి చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటిది 2024 డిసెంబరు 7న. ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు వెళ్ళారు. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాట, పిల్లలతో కలిసి డొక్కా సీతమ్మ పేరిట నడిచే మధ్యాహ్న భోజనం. రెండోది 2025 జూలై 10న, ముఖ్యమంత్రి శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువులో. మూడోది 2025 డిసెంబరు 5న, పార్వతీపురం మన్యం జిల్లా భామినిలో. ఎన్నడూ బడి గడప తొక్కని తండ్రి కూడా ఆ రోజు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడంటే అది చిన్న సంగతి కాదు. ప్రభుత్వ బడికి ఒక పండుగ కళ వచ్చింది. ప్రైవేటు బడుల వార్షికోత్సవాలు చూసి నిట్టూర్చే ఇళ్ళకు ఆ గౌరవం అవసరమే.

అయితే తేదీలు చూడండి. జూలై రెండో వారం కృష్ణా డెల్టాలో సార్వా నారుమళ్ళ, ఊడ్పుల కాలం. డిసెంబరు మొదటి వారం కోతలు, కుప్పల కాలం. వరి కోతకు ముందే చేలో మినుము చల్లుకునేదీ అప్పుడే. సార్వా పంటకు ఈ కొస ఒక మీటింగు, ఆ కొస రెండు మీటింగులు పడ్డాయి. పైగా డిసెంబరు మొదటి వారమంటే తుఫాను భయం. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. కళ్ళాల్లో ధాన్యం తడిసి మొలకెత్తిన ఆ వారం డెల్టా రైతు ఇప్పటికీ మరిచిపోలేదు. రాష్ట్రమంతటికీ ఒకే తేదీ పెడితే ఎక్కడో ఒకచోట ఎవరికో ఇబ్బంది తప్పదు, నిజమే. అయితే గుడివాడ డివిజనుకు ఏ రోజులు పనికిరావో ఆ డివిజను హెచ్ఎంలను ఒక్క మాట అడిగితే చెబుతారు.

మీటింగుకు రావడానికి అయ్యే ఖర్చును పట్నం లెక్కలు పట్టించుకోవు. ఉపాధి హామీ కూలి రాష్ట్రంలో 2025-26కి రోజుకు 307 రూపాయలు. ఊడ్పుల రోజుల్లో గుత్తకు ఒప్పుకుంటే అంతకన్నా ఎక్కువే పడుతుంది. ముఠాలో పదిమంది కలిసి ఎకరాల లెక్కన పని ఒప్పుకున్నప్పుడు ఒక మనిషి తప్పుకుంటే ఆ బరువు మిగతా తొమ్మిది మంది మీద పడుతుంది. కూలి పోవడం ఒక ఎత్తు, తోటివాళ్ళ చేత మాట పడడం ఇంకో ఎత్తు. చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చాలావరకు ముక్కకింత లెక్క. గొలుసు అల్లినా, రాళ్ళు అతికినా, పాలిష్ పట్టినా చేసినంతకే డబ్బు. ఇంట్లోనే చేసే పని కదా, రెండు గంటలు బడికి వచ్చిపోవచ్చు అనిపిస్తుంది బయటివారికి. పండగలకు, పెళ్ళిళ్ళ ముహూర్తాలకు ఆర్డరు మీద పడినప్పుడు ఆ రెండు గంటల విలువ చేసేవాళ్ళకే తెలుసు. కార్తీకమాసంలో పాండురంగస్వామి ఉత్సవాలు, పౌర్ణమికి మంగినపూడి సముద్ర స్నానాలు వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఏ మీటింగు పెట్టినా పెట్టనట్టే.

అయితే లింకు పంపేస్తే సరిపోదా?

ఆ ప్రయోగం ఒకసారి బలవంతంగా జరిగింది. 2020 మార్చిలో మూతపడిన బడులు రాష్ట్రంలో నవంబరు 2 దాకా తెరుచుకోలేదు. ప్రైవేటు బడులు జూమ్, గూగుల్ మీట్ పట్టుకున్నాయి. ప్రభుత్వ బడి పిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. టీవీని ఎంచుకోవడంలోనే ప్రభుత్వం ఒక నిజాన్ని ఒప్పుకుంది: పేదింట్లో టీవీ ఉంటుంది, పాఠానికి పనికొచ్చే ఫోను ఉండకపోవచ్చు. అంతకు ముందు ఏడాది రాష్ట్రంలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్నవారు 21 శాతం, పురుషుల్లో 49 శాతం దాకా. దేశంలో అట్టడుగున ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. ఆ తరువాత ఫోన్లు బాగా పెరిగాయి. 2024 ఏసర్ సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లోని 14–16 ఏళ్ళ పిల్లల్లో నూటికి దాదాపు 90 మంది ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉంది.

ఇంట్లో ఉండడం వేరు, తల్లి చేతిలో ఉండడం వేరు. ఫోను నాన్నతో పాటు చెరువు గట్టుకు పోతుంది, లేదా ఇంటర్ చదివే కొడుకు చేతిలో ఉంటుంది. సాయంత్రం అది ఇల్లు చేరాక మీటింగు లింకు తెరవవలసింది ఎవరు? ఏ పిల్లవాడి గురించి టీచరు మాట్లాడాలో ఆ పిల్లవాడే. పాస్‌వర్డు వాడికే తెలుసు, మ్యూట్ తీయడం వాడికే తెలుసు. తల్లి పక్కన నిలబడి ఫోను పట్టుకున్నది వాడే. ‘మీవాడు మూడు రోజులుగా బడికి రావడం లేదండీ’ అన్న మాట టీచరు ఎవరి ముందు చెప్పాలి? ‘ఇంట్లో ఏదైనా ఇబ్బందా అమ్మా’ అని ఆ తల్లిని ఎలా అడగాలి? ఇంట్లో తాగుడు, అప్పు, ఆడపిల్ల పెళ్ళి మాటలు — బడి తెలుసుకోవలసినవన్నీ ఇంటి మధ్యలో స్పీకరు పెట్టి చెప్పుకునేవి కావు. పరదా అన్నది తెరకు లేదు.

వాట్సాప్ గ్రూపుల సంగతి ఇంకోటి. ఇప్పుడు ప్రతి బడికీ, ప్రతి తరగతికీ ఒకటి ఉంది. సమాచారం చేరవేయడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటిన రోజుల్లో బడులకు సెలవు సంగతి చాలామందికి ముందు తెలిసింది ఫోనులోనే. అయితే బడి గ్రూపుల్లో చాలావాటికి ‘అడ్మిన్లు మాత్రమే’ అన్న తాళం ఉంటుంది. తల్లిదండ్రులు చదవగలరు, రాయలేరు. తాళం తీస్తే గుడ్ మార్నింగులు, రాజకీయాలు, ఫీజు గొడవలు నిండిపోతాయని బడివాళ్ళ బాధ. అందులోనూ న్యాయం ఉంది. కానీ వినడానికే తప్ప మాట్లాడడానికి వీలు లేనిదాన్ని నోటీసు బోర్డు అందాం, సమావేశం అనొద్దు.

ఇంతదాకా ఫోనుకు వ్యతిరేకంగానే రాశాను. ఇప్పుడు దాని పక్షాన చెప్పుకోవలసిన గట్టి మాట ఒకటి ఉంది. అది వీడియో గురించి కాదు, మామూలు ఫోను కాల్ గురించి. కోవిడ్ కాలంలో బోట్స్వానాలో నోమ్ ఆంగ్రిస్ట్ బృందం ఒక పరిశీలన చేసింది. కొన్ని వేల కుటుంబాలను తీసుకుని కొందరికి వారానికో ఎస్సెమ్మెస్ లెక్క పంపారు. కొందరికి దానితోపాటు వారానికోసారి ఫోను చేసి పావుగంట, ఇరవై నిమిషాలు తల్లిదండ్రితో, బిడ్డతో కలిసి ఆ లెక్క చేయించారు. సందేశం ఒక్కటే అందిన పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఫోనులో మనిషి గొంతు విన్న ఇళ్ళలో పిల్లలు లెక్కల్లో ముందడుగు వేశారు. 2022లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తరువాత ఇదే పద్ధతిని మన దేశంతో సహా నేపాల్, కెన్యా, ఉగాండా, ఫిలిప్పీన్స్‌లలో పరీక్షించినప్పుడూ మంచి ఫలితమే వచ్చింది. అందులో ఇంటర్నెట్ లేదు, యాప్ లేదు. బటన్ ఫోను చాలు.

డెల్టాకు ఇది అతికినట్టు సరిపోతుంది. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్న తల్లికి రాత్రి ఏడున్నరకు టీచరు ఫోను చేసి పది నిమిషాలు మాట్లాడితే 24వ సెక్షను అడిగిన పని అక్కడికక్కడే జరిగినట్టు. కూలి పోదు, ఆటో ఖర్చు లేదు, నలుగురిలో పిల్లవాడి మార్కులు బయటపడవు. మీటింగు రోజు వరుసలో నిలబడితే ఒక్కో తల్లికి దక్కేది రెండు నిమిషాలు, అదీ వెనక నుంచి ఇంకొకరు తొంగి చూస్తుండగా. ‘బాగా చదివించండమ్మా’ అన్న మాటతో సరి. అక్షరాలు రాని తల్లికి ఆ రెండు నిమిషాలు తలవంచుకుని నిలబడడానికే సరిపోతాయి. టీచరు సాయంత్రాలను ఫోన్లకు అప్పగించమనడం కొత్త భారమేనని ఒప్పుకోవాలి. ఇప్పటికే యాప్‌ల్లో హాజరు, ఫొటోలు, భోజనం లెక్కలు ఎక్కించి అలసిపోతున్న ఉద్యోగం అది. ఆ ఫొటోల పనిలో సగం తగ్గించి ఈ పని ఇస్తే కాదనే టీచర్లు ఎక్కువమంది ఉండరనే నా నమ్మకం.

తెరే దిక్కయిన ఇళ్ళూ ఉన్నాయి. తల్లో తండ్రో కువైట్‌లో, దుబాయిలో పనిచేస్తూ బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలిన ఇల్లు. హైదరాబాదులో కాపురం పెట్టి, స్థిరపడేదాకా పిల్లను ఊళ్ళోనే ఉంచిన జంట. గుడివాడ హాస్టలు బడుల్లో చదివే దూరపు జిల్లాల పిల్లలు. కాలు కదపలేని తండ్రి. ఇలాంటివారికి వీడియో కాల్‌లో బిడ్డ నోటుబుక్కు చూపించడం సౌకర్యం కాదు, హక్కు అనుకోవాలి. న్యూయార్క్ నగర ప్రభుత్వ బడుల్లో టీచరు–తల్లిదండ్రుల ముఖాముఖిని కోవిడ్ తగ్గిన తరువాత ఏళ్ళలోనూ తెర మీదే కొనసాగించారు. రెండు ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులున్న ఊరికి అది తగిన పనే. వాళ్ళు కూడా ఆన్‌లైన్‌కు వదిలింది ఒక్కో బిడ్డ గురించిన మాటల్నే.

దివిసీమ చివరికి పోదాం. నాగాయలంక మండలంలో ఎదురుమొండి చుట్టూ నీరే. ఏటిమొగ రేవులో పంటు ఎక్కి కృష్ణ పాయ దాటాలి. ఈలచెట్లదిబ్బకైతే పడవే శరణ్యం. పోటు, గాలి, వాన చూసుకుని కదలాలి. టీచరైనా, విద్యాశాఖ అధికారైనా, బియ్యం బస్తా అయినా దారి అదే. మండల కేంద్రంలో పెట్టే శిక్షణకు కమిటీ ఛైర్మను రావాలంటే ఆ రోజు పని మానుకోవలసిందే. ఇలాంటి చోట అధికారులు, కమిటీ మధ్య నడిచే సమీక్షలను తెర మీద జరిపితే తప్పేమిటి? తప్పులేదు, జరపాలి కూడా. కానీ లంకలోని బడి, లంకలోని తల్లిదండ్రులు మాత్రం నడిచి చేరుకునేంత దగ్గరలోనే ఉంటారు. వాళ్ళ సమావేశం వాళ్ళ బడిలో జరగడానికి పంటు అక్కర్లేదు. దూరం ఉన్నది ఊరికీ ఆఫీసుకూ మధ్య. ఆన్‌లైన్ ఆ దూరానికి మందు. తల్లికీ బడికీ మధ్య ఉన్నది ఎక్కువగా వేళ చిక్కు, దానికి లింకు మందు కాదు.

ఇక రెండో రకం సమావేశం. బడి గురించి అందరూ కలిసి నిర్ణయించేది. ఒకచోట కూర్చున్నంత మాత్రాన న్యాయం జరుగుతుందని చెప్పడానికి లేదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం గ్రామ విద్యా కమిటీలను పరిశీలించి 2010లో వెలువరించిన వ్యాసం నిరుత్సాహం కలిగిస్తుంది. ఊళ్ళో అలాంటి కమిటీ ఒకటి ఉందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. సభ్యుల్లోనే కొందరికి తాము సభ్యులమని తెలియదు. సభలు పెట్టి సమాచారం చెప్పినా కమిటీలు కదల్లేదు. ఊరి యువకులకు శిక్షణ ఇచ్చి బడి వేళల బయట చదువు శిబిరాలు నడిపిన చోటనే పిల్లలు చదవడం నేర్చారు. పక్క తమిళనాడు గ్రామసభల్లో జనం మాట్లాడిన మాటలను రికార్డు చేసి లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2019లో వచ్చింది. మహిళలు తక్కువగా మాట్లాడారు, వాళ్ళు ఎత్తిన విషయం మీద చర్చ సాగడం తక్కువ, అధికారుల నుంచి సూటి జవాబు రావడమూ తక్కువే. సర్పంచి మహిళ అయిన చోట మాత్రం జవాబు దొరకడం మెరుగుపడింది.

మన డెల్టాలో దీనికి కులం, పేట కూడా కలుస్తాయి. భూమి ఉన్నవారి పిల్లలు ప్రభుత్వ బడిని విడిచి గుడివాడ, బందరు, విజయవాడ బస్సులెక్కి చాలాకాలమైంది. మిగిలినవారిలో దళితులు, మత్స్యకారులు, వెనుకబడిన కులాల కూలీలు ఎక్కువ. బడిలో పిల్లలే లేని పెద్దమనుషులు ముందు వరుస కుర్చీల్లో, పిల్లలున్న తల్లులు వెనక చాప మీద కూర్చునే సమావేశాలకు కొదవ లేదు. అలాంటి చోట తెర మీద అందరి ముఖాలూ ఒకే కొలతలో కనిపిస్తాయి కదా అని వాదించేవారున్నారు. వినడానికి బాగుంది. తెర మీద ఒక్కొక్కరూ ఒంటరిగా ఉంటారన్న సంగతి వారు మరుస్తున్నారు. వెనక చాప మీదున్న తల్లి లేచి ‘పప్పు నీళ్ళలా ఉంటోంది’ అనాలంటే పక్కనున్న నలుగురు ‘చెప్పవే’ అని మోచేత్తో పొడవాలి. ఆ పొడుపు జూమ్‌లో లేదు.

దీనికి మన దగ్గరే పెద్ద సాక్ష్యం ఉంది. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ప్రకారం ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్ళకు తరలించినప్పుడు, ఆ జూలైలో బడులు తెరవగానే రాష్ట్రమంతటా తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని గేట్ల ముందు కూర్చున్నారు. రోడ్డు దాటాలి, కాలువ దాటాలి, ఎనిమిదేళ్ళ పిల్లను ఎలా పంపమంటారని నిలదీశారు. కొన్నిచోట్ల తాళాలు వేశారు. ఆ జీవోను 2025లో ఉపసంహరించుకున్నారు. ఆ మూడేళ్ళలో ప్రభుత్వం మారింది, కారణాలు ఎన్నో ఉండవచ్చు. కానీ ఆ గేట్ల ముందు జనం ఏ లింకు ద్వారా చేరలేదు. గేటు ముందు యాభై మంది నిలబడితే కనిపిస్తారు. యాభై మంది లాగిన్ అయ్యారన్నది ఒక అంకె.

చూడవలసినవి చూడడం కూడా ముఖ్యమే. మరుగుదొడ్డిలో నీళ్ళు వస్తున్నాయా, వంటగది పైకప్పు కారుతోందా, కోడిగుడ్డు ఏ సైజులో ఉంది, తాగునీటి ట్యాంకు ఎప్పుడు కడిగారు. వీడియోలో కెమెరా హెచ్ఎం చేతిలో ఉంటుంది. ఆయన ఎటు తిప్పితే అటే చూస్తాం. బడికి వచ్చిన తల్లి మాత్రం అడక్కుండానే వెనక వైపు నడిచి తలుపు తోసి చూసి వస్తుంది. డబ్బు సంగతికొస్తే సమగ్ర శిక్ష కింద వచ్చే పాఠశాల గ్రాంటు 30 మందిలోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేలు, 100 మందిలోపు అయితే 25 వేలు, 250 లోపు 50 వేలు. పెద్ద మొత్తాలేం కావు. అందుకే సుద్దముక్కలకు ఎంత, ట్యూబులైటుకు ఎంత అన్న బిల్లులు నలుగురి చేతుల్లో తిరగడానికి వీలైనవి. బిల్లును చేత్తో పట్టుకుని చూడడం వేరు, తెర మీద ఒక్క క్షణం మెరిసి మాయం కావడం వేరు.

కంపెనీల చట్టం 2013 డైరెక్టర్లు వీడియోలో బోర్డు సమావేశానికి హాజరు కావచ్చంది. వాటాదారుల సభలను కూడా తెర మీద జరుపుకోవచ్చని కేంద్రం 2020 ఏప్రిల్‌లో కోవిడ్ సడలింపు ఇచ్చింది. కోట్ల వ్యాపారానికి ఒప్పుకున్నప్పుడు బడికెందుకు ఒప్పుకోరు అని అడగవచ్చు. డైరెక్టరుకు ముందుగా ఎజెండా కాగితాలు చేరతాయి, చదివి చెప్పడానికి మనుషులుంటారు, మాట రికార్డవుతుంది. మన కమిటీ సభ్యురాలికి ఎజెండా మీటింగులో కూర్చున్నాకే తెలుస్తుంది. ఆమెను తెర మీదికి పంపితే మిగిలేది ‘సరేనండి’ అన్న ఒక్క మాట. ఆ మాటతో కోరం నిండుతుంది, తీర్మానం పాసవుతుంది. ఇళ్ళకు పుస్తకం పంపి సంతకాలు తెచ్చే పాత అలవాటుకు అది కొత్త రూపమే అవుతుంది. కనుక కమిటీ ఎన్నికకు, ఖర్చు తీర్మానానికి, బడి విలీనం లాంటి నిర్ణయాలకు ఫోను హాజరును కోరంలో లెక్కపెట్టకూడదు. రాలేని సభ్యురాలు ఫోనులో అభిప్రాయం చెప్పవచ్చు, దాన్ని పుస్తకంలో రాసుకోవచ్చు. అంతవరకే.

మనుషులు రావాలంటే మాత్రం బడి కూడా కొంచెం కదలాలి. పగలు పదకొండు గంటలకు మీటింగు పెట్టి ‘వీళ్ళకు పిల్లల చదువు పట్టదు’ అనడం తగదు. దీపాలు పెట్టే వేళకు పెడితే ఊడ్పుల నుంచి వచ్చినవారూ, పాలిష్ పని ముగించినవారూ రాగలరు. బడి దూరమైతే పేటలోకే వెళ్ళవచ్చు: రామాలయం అరుగు, చర్చి ఆవరణ, తీరంలో అయితే 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత కట్టుకున్న తుఫాను భవనాలు. వాటిలో కొన్ని బడులుగానూ పనికొస్తున్నాయి. మత్స్యకార గ్రామాల్లో ఏడాదికి ఒక సమావేశం ఏప్రిల్ 15కూ వేసవి సెలవులకూ మధ్యనున్న ఆ వారంలో పెట్టవచ్చు. బోట్లు ఒడ్డున ఉంటాయి, బడి ఇంకా తెరిచే ఉంటుంది. తండ్రులను బడిలో చూడాలంటే అంతకన్నా మంచి వారం లేదు. ఇంకా ముందుకెళ్ళి కమిటీ సభ్యులకు సమావేశం రోజు కూలి ఇవ్వాలంటాను. ఒక రోజు కూలి పోగొట్టుకుని బడి కోసం కూర్చునే తల్లి సేవ చేస్తున్నదని మెచ్చుకుని ఊరుకోవడం మనకు బాగా అలవాటైపోయింది.

చివరిగా, ప్రభుత్వ బడిలో పిల్లలున్న పాఠకులకు ఒక విన్నపం. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాలు యాజమాన్య కమిటీ నెలకోసారైనా కూర్చోవాలనీ, చర్చలూ నిర్ణయాలూ సరిగా రాసి ప్రజలకు అందుబాటులో ఉంచాలనీ చెబుతున్నాయి. ఈసారి బడికి వెళ్ళినప్పుడు బిడ్డ మార్కులతోపాటు తీర్మానాల పుస్తకం కూడా అడగండి. కిందటి సమావేశం ఏ రోజు, ఏ వేళకు జరిగిందో, అందులో సంతకం చేసినవాళ్ళు నిజంగా వచ్చి కూర్చున్నారో లేదో మీ పేటలో ఇద్దరిని అడిగి తెలుసుకోండి.